ఉధ్నా వంటింట్లో సపోటా కోకో

సూరత్‌లో కోకో అంటే చల్లటిదే. చిక్కటి పాలలో కోకో పొడి, చక్కెర, కాస్త కార్న్‌ఫ్లోరో కస్టర్డ్ పొడో కలిపి, గరిటెకు పట్టుకునేంత చిక్కబడేదాకా మరిగించి, చల్లార్చి, ఫ్రిజ్‌లో బాగా చల్లబరచి గ్లాసుల్లో పోస్తారు. పైన తురిమిన చాక్లెట్ చల్లుతారు. వేసవి రాత్రుళ్లు భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ బయల్దేరి వచ్చి మరీ తాగే పానీయమిది. గుజరాత్‌లో ఇంకే ఊళ్లో అమ్మినా సూరత్ పేరు చెప్పే అమ్ముతారు. రుచికి వంక పెట్టలేం. కానీ గ్లాసు పూర్తి చేశాక ఆ పూటకు ఇక అన్నం జోలికి పోనక్కర్లేదు.

ఆ కోకోనే వేడిగా, తేలికగా, చక్కెర డబ్బా మూత తీయకుండా, తాజా సపోటా తీపితో చేస్తుంది ఉధ్నాలో మా చిన్నమ్మ. చలికాలమంతా ఆ ఇంట్లో తెల్లవారగానే పొయ్యి మీదికెక్కేది అదే. చూడ్డానికి చిన్న పని, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. దగ్గర కూర్చుని చూస్తే మాత్రం ఆ ఇరవై నిమిషాల్లో ఆమె తీసుకునే నిర్ణయాలు ఎన్నో. వాటిలో ఏ ఒక్కటి తప్పినా గ్లాసులోకి వచ్చేది వేరే పానీయం.

ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కోకో ఆ ఊరి అవసరంలోంచి పుట్టింది. సూరత్ స్టేషన్ దాటాక ముంబై వైపు వచ్చే మొదటి స్టేషన్ ఉధ్నా. జల్‌గావ్ వెళ్లే తాపీ లోయ రైలు మార్గం అక్కడే చీలుతుంది. చుట్టూ పారిశ్రామిక వాడలు, పవర్‌లూమ్ షెడ్లు. ఉధ్నాలో, పక్కనున్న లింబాయత్‌లో, పాండేసరాలో తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తన బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమాన్నీ నడిపిందంటే ఆ జనాభా ఎంతటిదో ఊహించుకోవచ్చు. పవర్‌లూమ్ షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టులు మామూలు. మా చిన్నాయన సిరిసిల్ల నుంచి వచ్చినప్పటి నుంచీ ఎక్కువగా రాత్రి షిఫ్టే చేశాడు. రాత్రంతా పవర్‌లూమ్ సాంచాల మోతలో నిలబడి, నిద్ర ఆపుకోవడానికి చక్కెర ఎక్కువేసిన చాయ్ గ్లాసు మీద గ్లాసు తాగి, పొద్దున ఇల్లు చేరే మనిషికి ఏమివ్వాలి? ఇంకో చాయ్ ఇస్తే నిద్ర పట్టదు. పాలు వద్దంటాడు, వాసన పడదు. టిఫిన్ తిని పడుకుంటే కడుపు బరువు.

వేడిగా ఉండాలి, కడుపులో తేలికగా పడాలి, నిద్రను చెడగొట్టకూడదు. కోకో ఈ మూడింటికీ సరిపోతుంది. గ్లాసుకు పడే చెంచాన్నర కోకో పొడి సుమారు 4 గ్రాములు ఉంటుంది. అందులో కెఫీన్ పది మిల్లీగ్రాములకు లోపే. కప్పు చాయ్‌లో దానికి మూడు నాలుగు రెట్లు తేలిగ్గా ఉంటుంది. కోకోలో ఎక్కువగా ఉండేది థియోబ్రోమిన్, కెఫీన్‌కు చుట్టమే గానీ నెమ్మది స్వభావం. కోకో చేదుకు అదీ ఒక ముఖ్య కారణం.

ఇక మిగిలింది చక్కెర. చిన్నాయనకు రాత్రంతా తాగిన చాయ్‌లలో పడ్డదే చాలు. చక్కెర మానేద్దామనుకోవడానికి క్షణం పట్టదు. ఇన్నాళ్లూ అది చేసిపెట్టిన పనులన్నీ ఇకపై ఎవరు చేస్తారో తేల్చుకోవడంలో చిన్నమ్మ పనితనమంతా ఉంది. నేను ఆమెను మెచ్చుకునేది ఇక్కడే. తేలికైన వంటలని చెప్పేవాళ్లలో చాలామంది ఒక వస్తువు తీసేసి ఊరుకుంటారు. తీసేసిన చోట గుంట మిగులుతుంది, తినేవాడు దాన్ని క్రమశిక్షణ పేరుతో మింగుతాడు. చిన్నమ్మ గ్లాసులో ఆ గుంట లేదు.

"చక్కెర తీపొక్కటే ఇస్తదనుకున్నవా బిడ్డా?" అంది ఒకసారి, పొడి కోకోను చల్లటి పాలలో వేసి చూపిస్తూ. పొడి మునగలేదు. పైన తేలి, తడవని ఉండలుగా మారి, చెంచాతో నొక్కితే లోపల పొడిపొడిగానే ఉంది. కోకో పొడిలో పదో వంతుకు తగ్గకుండా కొవ్వు ఉంటుంది. అందుకే నీళ్లు దాన్ని సులువుగా తడపలేవు. చక్కెరతో కలిపి వేస్తే ఆ గింజలు రేణువుల మధ్య దూరి వాటిని విడదీస్తాయి, తాము కరుగుతూ పొడిని కూడా తడుపుతాయి. అంటే చక్కెర తీపినిస్తుంది, చేదును కప్పుతుంది, ఉండలు కట్టనివ్వదు, పలుచటి పాలకు కాస్త చిక్కదనమూ తెస్తుంది. నాలుగు పనులు. పండుకు అప్పగించగలిగేది వాటిలో మొదటిదీ చివరిదీ మాత్రమే. మధ్యలో రెండింటికి వేరే ఏర్పాట్లు కావాలి.

ఉండల సంగతి ఇలా తేల్చింది. చిన్న గిన్నెలో కోకో పొడి జల్లించి, చిటికెడు ఉప్పు వేసి, మరుగుతున్న నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ ముద్దలా నూరుతుంది. మొదటి చెంచాకు పొడి మొండికేస్తుంది, రెండో చెంచాకు గట్టి ముద్దవుతుంది, మూడు నాలుగు చెంచాలకు మెరుపు వస్తుంది. ఆ మెరుపు వచ్చాకే మిగతా నీళ్లు కలిపి సన్నటి మంట మీద రెండు మూడు నిమిషాలు ఉడికిస్తుంది. కోకోలో సహజంగానే పిండి పదార్థం ఉంది. అది ఉడికితే చిక్కబడుతుంది, పచ్చి వాసన పోతుంది. బజారు కోకోలో కార్న్‌ఫ్లోర్ చేసే పనిలో కొంత ఇలా కోకో చేతనే చేయించుకుంటోందన్నమాట. ఎప్పుడు దించాలో ఆమె గడియారం చూడదు. చెంచా చివర నుంచి కాస్త తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తుంది. మగ్గమున్న ఇంట్లో పుట్టిన మనిషి. పడుగుకు పెట్టే గంజి పలచనైతే పోగు నూగు లేచి తెగుతుందనీ, చిక్కనైతే పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయనీ వాళ్లమ్మ వేళ్ల మధ్య చూసుకున్న పరీక్షే ఇప్పుడు కోకో ముద్దకు పెడుతోంది. వేళ్లు విడదీస్తే సన్నటి తీగలా సాగి తెగాలి. అప్పుడు దించుతుంది.

చేదు సంగతి ఉప్పు చూసుకుంటుంది. చిటికెడు ఉప్పు చేదును అణచివేస్తుంది. ఇది నాలుక మీద జరిగే పని, ఆహార శాస్త్రం ఒప్పుకున్నదే. ఉప్పు రుచి తెలియకూడదు. తెలిసిందంటే ఎక్కువైనట్టే. పాలలో చిన్న దాల్చినచెక్క ముక్క కూడా వేసి, పొంగు రాగానే తీసేస్తుంది. దాల్చినచెక్క వాసనకు తీపి తోడుండటం మనకు అలవాటు, అందుకే ఆ వాసన తగిలితే ఉన్న తీపి కొంచెం ఎక్కువగా అనిపిస్తుంది. చుట్టాలొస్తే ఏలకులు దంచి వేస్తుంది. అది నాకు నచ్చదు. ఏలకుల ఘాటు ముందు సపోటా వాసన నిలబడలేదు.

పండు ఎంపిక గురించి ఎంత చెప్పినా తక్కువే. సూరత్‌లో చలికాలం వచ్చిందంటే బండ్ల మీద సపోటాలు, అక్కడి మాటలో చీకూలు, గుట్టలుగా పోసి అమ్ముతారు. ఉధ్నా నుంచి అదే ముంబై మార్గంలో నవ్‌సారి దాటి వెళితే వచ్చే అమల్‌సాడ్, ఆ పక్కనున్న గణదేవి ప్రాంతం చీకూ తోటలకు పేరుపడ్డవి. అక్కడ ఎక్కువగా పండేది కాలీపత్తీ రకం. కోలగా ఉంటుంది, బంగాళాదుంప రంగు తోలు, లోపల మెత్తటి గోధుమరంగు గుజ్జు. చిన్నమ్మ పండును చేతిలోకి తీసుకుని ముందు బొటనవేలితో రుద్దుతుంది. పక్వానికొచ్చిన పండైతే పైనున్న గరుకు పొట్టు రాలి తోలు నున్నగా తేలుతుంది. తర్వాత గోటితో చిన్నగా గీరుతుంది. గీరిన చోట పచ్చగా కనిపిస్తే పక్కన పెట్టేస్తుంది, పసుపు చాయ కనిపిస్తే తీసుకుంటుంది. పచ్చిగా కోసిన కాయ మెత్తబడినా తియ్యబడదు, దాని వగరు పోదు. బండివాడు మొహం చిట్లించినా ఆమె గీరకుండా కొనదు.

ఇంటికి తెచ్చిన గట్టి పండ్లను బియ్యం డబ్బాలో పెడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టదు. పండని సపోటాకు చలి తగిలితే సరిగా మాగదు. రోజూ తొడిమ దగ్గర నొక్కి చూసి, మెత్తబడ్డ రోజే వాడుతుంది. ఒక రోజు ఆలస్యమైతే పులిసిన వాసన మొదలవుతుంది, అలాంటి పండు కోకోలో కలిస్తే కల్లు ముంతలా ఉంటుందని ఆమె ఫిర్యాదు.

మిగతా పండ్లను ఎందుకు కాదందో కూడా చెప్పాలి. నారింజ, ద్రాక్ష, స్ట్రాబెర్రీ పుల్లనివి, వేడి పాలు విరుగుతాయి. పచ్చి అనాసలో, బొప్పాయిలో ఉన్న ఎంజైములు పాలలోని మాంసకృత్తులను నరికి చేదు తెస్తాయి. సీతాఫలం పేరు చెబితే మనవాళ్లందరి నోరూరుతుంది, పులుపు లేదు, తీపి బోలెడు. కానీ దాని గుజ్జు వేడెక్కితే చేదెక్కుతుంది, ఐస్‌క్రీమ్‌కే దాని బతుకు. అరటిపండు పాలతో కుదురుతుంది, చిక్కదనమూ ఇస్తుంది, అయితే గ్లాసంతా అరటిపండే మాట్లాడుతుంది, కోకో వినపడదు. బెల్లం పండు కాదు గనక అసలు ఈ పంక్తిలో కూర్చోదు. సపోటాలో పులుపు తక్కువ, పాలు విరగవు. తీపిలో కాస్త పాకం వాసన, కాస్త మాల్టు వాసన ఉంది. కోకోకు ఆ వాసనలు రక్తసంబంధం లాంటివి. నిజానికి రెండు చెట్లూ అమెరికా ఖండాల నుంచే వచ్చాయి, సపోటా మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతానిది, కోకో దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఎగువ ప్రాంతానిది. వేర్వేరు దారుల్లో సముద్రాలు దాటి వచ్చి ఈ గిన్నెలో కలుసుకున్నాయి.

సపోటాలో రెండు చిక్కులున్నాయి. ఒకటి జిగురు. తొడిమ కింద నుంచి పండు మధ్యలోకి దిగే తెల్లటి ఈనెలో పాల జిగురు మిగిలి ఉంటుంది. వేడి పాలలో అది గిన్నెకూ పెదవులకూ అంటుకుంటుంది. పండును నిలువుగా నాలుగు చీలికలు చేసి, కొక్కెం లాంటి ముక్కున్న నల్ల గింజలు తీసేసి, ఆ తెల్ల ఈనెను కత్తి మొనతో లేపేస్తుంది. గింజలు లెక్కపెట్టి పక్కన పెడుతుంది, పిల్లల గ్లాసులో ఒక్కటి కూడా పడకూడదని. రెండో చిక్కు గరుకు. ఎంత మాగిన సపోటా అయినా గుజ్జులో సన్నటి ఇసుక లాంటి పలుకు ఉంటుంది. విడిగా తింటే అది బాగుంటుంది, పానీయంలో గొంతుకు తగులుతుంది. మిక్సీలో వేస్తే పని అయిపోతుంది కదా అని నేనూ అడిగాను. మిక్సీ గాలి కొట్టి నురగ లేపుతుంది, ఆ నురగ కాసేపటికి చచ్చి గుజ్జు నల్లబడి నీరూ పిప్పీ విడిపోతాయని చెప్పింది. అందుకే స్టీలు జల్లెడ మీద వేసి చెంచా వెనకతో రుద్దుతుంది. తోలుకు దగ్గరున్న పలుకంతా పైన ఉండిపోయి, కింద గిన్నెలోకి వెన్నలాంటి గుజ్జు దిగుతుంది. పండుకు అరవై గ్రాముల చొప్పున వస్తుంది. పైన మిగిలిన పిప్పి పెరుగులో కలిపి తినేస్తుంది, పారేయదు.

పాల దగ్గర కూడా ఆమె లెక్క వేరు. తేలికగా కావాలంటే చిక్కటి పాలలో నీళ్లు పోస్తే సరిపోదా? సరిపోదు. నీళ్లు పోస్తే కొవ్వుతో పాటు పాలలోని మాంసకృత్తులు, లాక్టోజు అన్నీ పలచనవుతాయి. దుకాణంలో డబుల్ టోన్డ్ ప్యాకెట్ కొంటే అందులో కొవ్వు 1.5 శాతమే, కొవ్వు కాని ఘనపదార్థాలు మాత్రం 9 శాతం. 6 శాతం కొవ్వుండే ఫుల్ క్రీమ్‌లోనూ అవి 9 శాతమే. అంటే బరువు తగ్గింది గానీ పాల ఒడలు తగ్గలేదు. సూరత్ జిల్లా పాల సహకార సంఘం సుముల్ 1951 నుంచి ఉన్న సంస్థ, ఊళ్లో ఏ మూలన చూసినా దాని పాలే. ఏ ప్యాకెట్ కావాలో చిన్నమ్మ దాని రంగు చూసి చెప్పేస్తుంది, మీద రాసింది చదవదు. ఈ పాలలో కొవ్వు తక్కువ గనక అడుగంటే ప్రమాదం ఎక్కువ. అడుగు మందమున్న గిన్నె, సన్న మంట, ఆగని గరిటె. ఒక్క పొంగు వచ్చాక కట్టేస్తుంది.

ఇప్పుడు కలపడం. ఇక్కడ ఆమె చేసేది నన్ను ప్రతిసారీ ఆశ్చర్యపెడుతుంది. మంట ఆర్పిన పాలలోకి ముందు కోకో ముద్ద వేసి కలుపుతుంది. తర్వాత ఏమీ చేయదు. గ్లాసులు కడుక్కుంటుంది, బట్టలు మడతపెడుతుంది, పాలు ఊపిరి తీసుకుంటాయి. గిన్నె అంచు పట్టుకోగలిగినంత వేడికి దిగాక, పండు గుజ్జులో ఒక గరిటె కోకో పాలు పోసి ముందు దాన్ని పలచన చేస్తుంది. ఆ తర్వాతే గుజ్జంతా పాలలోకి వెళుతుంది.

"పాలల్ల పండు ఉడకొద్దు. దించినంక కలపాలె, గది పరమాన్నం తీర్గ." పరమాన్నంలో బెల్లాన్ని పొయ్యి మీద వేస్తే పాలు విరుగుతాయని తెలుగింటి వంటమనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ జ్ఞానాన్ని ఆమె కొత్త వస్తువుకు వర్తింపజేసింది. సపోటా వల్ల పాలు విరిగే భయం పెద్దగా లేకపోయినా, ఉడికితే దాని వాసన పోతుంది, గుజ్జు పిప్పిగా మారుతుంది. ఆమె అనుభవంతో చేరుకున్న జాగ్రత్తకు రసాయన శాస్త్రం మరో కారణం జోడిస్తుంది. పండ్లలోని ఫ్రక్టోజు అనే చక్కెర చల్లగా ఉన్నప్పుడు మామూలు చక్కెర కంటే బాగా తియ్యగా ఉంటుంది, వేడెక్కే కొద్దీ దాని అణువుల రూపం మారి తీపి తగ్గిపోతుంది. అరవై డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ఆ ఆధిక్యమంతా కరిగిపోతుంది. పొగలు కక్కే గ్లాసులో పండు తీపి దాక్కుంటుంది, నాలుగు గుటకలు ఆగితే బయటపడుతుంది. బాగా వేడి కావాలని గొడవ చేసే చిన్నాయనకు చిన్నమ్మ ఎప్పుడూ ఒక్కటే చెబుతుంది. "జర ఆగు, ఇంకింత తియ్యగైతది." ఇది ఓదార్పు మాట అనుకున్నాను కొంతకాలం. కాదు, జరిగేదే అది. మిగిలిన కోకో ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తియ్యగా, ఇంకా చిక్కగా తేలడానికీ సగం కారణం ఇదే, మిగతా సగం సపోటాలోని పెక్టిన్ గట్టిపడటం.

చివరి పని చేతిది. చిన్న చెక్క కవ్వాన్ని గిన్నెలో నిలబెట్టి రెండు అరచేతుల మధ్య తిప్పుతుంది. పెరుగు చిలికే పెద్ద కవ్వం కాదు, పప్పు మెదపడానికి వాడే పొట్టిది. మెక్సికోలో చాక్లెట్‌కు నురగ తెప్పించడానికి మొలినీయో అనే చెక్క పనిముట్టును అచ్చంగా ఇలాగే అరచేతుల మధ్య తిప్పుతారు. కొవ్వు తక్కువైన పాలలో మాంసకృత్తులదే పైచేయి, అవి గాలి బుడగల్ని బాగా పట్టి ఉంచుతాయి, నురగ సన్నగా దట్టంగా లేస్తుంది. మీగడ నోటికిచ్చే మెత్తదనాన్ని ఆ నురగ ఇస్తుంది. అంటే పాలలో కొవ్వు తగ్గించడమనే లోపమే కవ్వం దగ్గరికొచ్చేసరికి ఉపయోగపడింది. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే అందంగా అనిపించేది ఈ మలుపు.

కొలతలు ఆమె దగ్గర కూర్చుని నేను రాసుకున్నవి. నాలుగు గ్లాసులకు అర లీటరు కంటే కాస్త ఎక్కువగా, సుమారు 600 మిల్లీలీటర్ల పాలు. నాలుగు పండ్లు. చదును చేసిన ఆరు చెంచాల కోకో. ముద్దకు అర గ్లాసు నీళ్లు. ఉప్పు, దాల్చినచెక్క చెప్పినంతే. నా లెక్కలో గ్లాసుకు సుమారు 140 కేలరీలు వస్తాయి. ఫుల్ క్రీమ్ పాలతో, నాలుగైదు చెంచాల చక్కెరతో, కార్న్‌ఫ్లోర్‌తో అదే గ్లాసు చేస్తే 270 దాకా పోతుంది. చిక్కదనంలో పెద్ద తేడా తెలియదు. తీపిలో తెలుస్తుంది. ఇది తక్కువ తీపి పానీయం, చక్కెరకు అలవాటుపడ్డ నాలుక మొదటి రెండు రోజులు వెతుక్కుంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పండు తీపి కూడా చక్కెరే. వంద గ్రాముల సపోటాలో 20 గ్రాముల దాకా పిండిపదార్థాలుంటాయి, చాలావరకు చక్కెరల రూపంలో. దాంతో పాటు 5 గ్రాముల పీచు ఉండటమే దాని మేలు, జల్లెడ పట్టాక అందులోనూ కొంత పోతుంది. మధుమేహం ఉన్నవాళ్లు దీన్ని చక్కెర లేని కోకో అనుకుని రోజూ తాగకూడదు. కోకోలోని ఫ్లావనాల్స్ కోసం తాగుతున్నామనేవాళ్లూ ఆగాలి. తరిగితే నల్లబడే పండ్లలోని ఎంజైము వాటిని దెబ్బతీస్తుంది. అరటిపండు కలిపిన పానీయంతో ఫ్లావనాల్స్ ఒంటికి పట్టడం 84 శాతం తగ్గిందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2023లో తేల్చారు. సపోటా కూడా నల్లబడే పండే. ఈ గ్లాసు మందు కాదు, మంచి పానీయం. అదే దానికి చాలినంత గౌరవం.

కోకో పొడి నాణ్యత ఇక్కడ దాక్కోలేదు. చక్కెర దండిగా ఉన్నప్పుడు ఏ పొడైనా నడుస్తుంది. చక్కెర తప్పుకున్నాక పొడి నిలువునా కనిపిస్తుంది. కోకో గింజ కూడా పండులోదేనని మనం మరిచిపోతాం. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో పెరిగే ఆ చెట్ల కాయ పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి తియ్యపుల్లటి గుజ్జు ఉంటుంది. దాన్ని గింజలతో సహా చెక్క పెట్టెల్లో ఐదారు రోజులు పులియబెడతారు. ఆ పులియడంలోనే చాక్లెట్ వాసనకు పునాది పడుతుంది, గింజలోని వగరు తగ్గుతుంది. సరిగా పులియని గింజల పొడి ఎంత ఉడికించినా నాలుకను పట్టేస్తుంది. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఎన్నో ఏళ్లు మన రైతుల గింజ పెద్ద కంపెనీల గోదాముల్లో పేరు లేకుండా కలిసిపోయింది. తాడికలపూడి దగ్గర గింజల్ని శ్రద్ధగా పులియబెట్టించి, 2023లో హైదరాబాద్‌లో దుకాణం తెరిచిన 'మనం చాక్లెట్' సంస్థ లాంటివాళ్లు వచ్చాక గోదావరి గింజ పేరు పెట్టె మీదికెక్కింది. నాకిది పెద్ద సంతోషం.

పొడిలో రెండు రకాలుంటాయి. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం గింజల ముద్దను నొక్కి కొవ్వు పిండే యంత్రానికి హక్కు పొందింది, కోకో పొడి అలా పుట్టింది. క్షారంతో శుద్ధి చేసే పద్ధతి కూడా వాళ్లదే. అలా చేసిన పొడి ముదురు రంగులో, పులుపు లేకుండా మెత్తగా ఉంటుంది. ప్యాకెట్ మీద 500, 501 అంకెలు కనిపిస్తే ఆ రకమని గుర్తు. క్షారం తగలని పొడి రంగు తక్కువ, కాస్త పుల్లన. బజారు కోకోకు ముదురు పొడి బాగుంటుంది. సపోటాకు పుల్లనిదే కావాలంటాను. సపోటా తీపిలో ఎత్తుపల్లాలు లేవు, ఆ చిరు పులుపు దాన్ని లేపి నిలబెడుతుంది. డ్రింకింగ్ చాక్లెట్ అని రాసిన డబ్బాలు ఈ పనికి పనికిరావు. వాటిలో సగానికి పైగా చక్కెరే ఉంటుంది, పడ్డ శ్రమంతా వృథా.

పెళ్లిళ్లకు సిరిసిల్ల వచ్చినప్పుడు చిన్నమ్మ చుట్టాలకు ఇదే చేసిపెడుతుంది. అక్కడ ఆమెకు దొరికేది కాలీపత్తీ కాదు. మన తోటల పాల సపోటా చిన్నది, తోలు పలచన, గుజ్జు నున్నన, తీపి ఎక్కువ, పలుకు దాదాపు ఉండదు. మొదటిసారి ఉధ్నా కొలతతోనే చేసి రుచి చూసి తల అడ్డంగా ఊపిందట. మరుసటి రోజు జల్లెడ తీసి పక్కన పెట్టింది, చిన్న పండ్లు గనక గ్లాసుకు రెండు వేసింది, కోకో చెంచాన్నర నుంచి రెండు చెంచాలకు పెంచి ముద్దను ఇంకో నిమిషం ఉడికించింది. దాల్చినచెక్క పూర్తిగా మానేసింది. ఆ తీపికి సాయం అక్కర్లేదంది.